డబ్బుంది, కానీ చేతిలో లేదు: సంతకాల రోజు పది శాతం ఎలా?

ప్రశ్న: నమస్కారమండీ. మేం సిడ్నీలో, వెంట్‌వర్త్‌విల్‌లో అద్దెకుంటున్నాం. పోయినేడు ఇద్దరికీ పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చింది. క్వేకర్స్ హిల్‌లో ఒక టౌన్‌హౌస్ నచ్చింది. 9 లక్షల 20 వేల డాలర్లకు బేరం తెగింది. ఈ వారంలోనే కాంట్రాక్ట్ ఎక్స్ఛేంజ్ (రెండు వైపులా సంతకాలు పెట్టిన కాగితాలు మార్చుకోవడం) చేసుకోవాలి, పది శాతం, అంటే 92 వేలు కట్టాలి అంటున్నాడు ఏజెంట్. మా ఖాతాలో ఉన్నది 18 వేలు. లక్షా 10 వేలు టర్మ్ డిపాజిట్‌లో ఉన్నాయి, దాని గడువు ఇంకా తొమ్మిది వారాలు. షాద్‌నగర్ దగ్గర నా పేరున ఉన్న ప్లాట్ అమ్మడానికి అడ్వాన్స్ తీసుకున్నాం. కొనేవాళ్లు ఆషాఢం వెళ్లాక రిజిస్ట్రేషన్ అంటున్నారు. అది అయితే ఇక్కడి లెక్కలో 70 వేల దాకా వస్తాయి. బ్యాంకు 80 శాతం లోన్ ఇస్తానంది. 'డిపాజిట్ బాండ్ తీసుకోండి, మీ చేతి నుంచి పైసా కదలక్కర్లేదు' అంటున్నాడు బ్రోకర్. 'బాండ్ అంటే అప్పే కదా, అప్పు మీద అప్పెందుకు' అంటోంది మా ఆవిడ. ఈ బాండ్‌ని నమ్మొచ్చా? అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఏం చేయాలి? ఇంకో మాట. ఇండియాలో మా అమ్మ శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించేసింది, సరిగ్గా సెటిల్‌మెంట్ రోజునే, అంటే మిగతా డబ్బంతా కట్టి ఇల్లు మా చేతికొచ్చే రోజునే. ఇబ్బందేమైనా ఉంటుందా?
– ఒక పాఠకుడు, సిడ్నీ

జవాబు:

ముహూర్తం సంగతి చివర్లో చూద్దాం. ముందు మీ ఆవిడకి జవాబు చెప్పాలి. ఆవిడ భయంలో సగం అక్కర్లేనిది, మిగతా సగం మాత్రం మీరు చెవిన పెట్టాల్సిందే.

డిపాజిట్ బాండ్ అప్పు కాదు. దాని వల్ల మీ ఖాతాలోకి ఒక్క డాలరూ రాదు, నెలనెలా కట్టే వాయిదా ఉండదు. ఊళ్లో బేరం జరిగేటప్పుడు 'వీడికి నేను పూచీ' అని ఒక పెద్దమనిషి నిలబడతాడు చూడండి, ఇక్కడ ఆ పని ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఫీజు తీసుకుని చేస్తుంది. 'కొనేవాళ్లు మాట తప్పితే ఈ 92 వేలు మేం కడతాం' అని అమ్మేవాళ్ల పేరున కాగితం రాసిస్తుంది. సెటిల్‌మెంట్ సవ్యంగా జరిగిపోతే ఆ కాగితానికి ఇక పని లేదు.

మాట తప్పితే మాత్రం కథ వేరు. కంపెనీ అమ్మేవాళ్లకి 92 వేలు కట్టేసి, మీ వెంట పడుతుంది. ఆ సొమ్ము తిరిగి ఇస్తామని దరఖాస్తులోనే మీ ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకుంటుంది. అంతటితో ఆగదు. ఆ ఇల్లు మళ్లీ తక్కువ ధరకి అమ్ముడుపోతే, ఆ తేడా కూడా ఇప్పించమని అమ్మేవాళ్లు మీ మీద దావా వేయొచ్చు. కాబట్టి ఆవిడ 'అప్పు' అన్నమాట తప్పే గానీ, భయపడాల్సిన చోటే భయపడింది.

నేను ఒక కన్వేయన్సర్ (ఇళ్ల కొనుగోలు కాగితాలు చూసే నిపుణుడు) ఆఫీసులో పదేళ్లు పనిచేశాను. నా ముందుకొచ్చిన బాండ్ ఫైళ్లలో రెండు రకాల మనుషులు కనబడేవాళ్లు. డబ్బు ఉండి, అది వేరేచోట ఇరుక్కుపోయినవాళ్లు ఒక రకం. అసలు డబ్బే లేక, 'ముందు ఇల్లు పట్టేద్దాం, తర్వాత చూద్దాం' అనుకునేవాళ్లు రెండో రకం. మొదటి రకానికి బాండ్ బంగారంలా పనికొస్తుంది. రెండో రకంవాళ్లు నాలుగు రోజుల నిద్ర కొనుక్కుని, ఆరు వారాల తర్వాత మొత్తం నిద్ర పోగొట్టుకుంటారు. మీరు మొదటి రకమే అనుకుంటున్నారు. లెక్క వేసి చూస్తే కొంచెం రెండో రకంలోకి జారుతున్నారు. చూడండి.

'పైసా కదలక్కర్లేదు' అని బ్రోకర్ అన్నది ఎక్స్ఛేంజ్ రోజుకి మాత్రమే నిజం. సెటిల్‌మెంట్ నాడు 9 లక్షల 20 వేలూ పూర్తిగా కట్టాలి. నగదు డిపాజిట్ కట్టినవాళ్లకి ఆ రోజు 92 వేలు ముందే జమై ఉంటాయి, బాండ్ ఇచ్చినవాళ్లకి సున్నా. బ్యాంకు 80 శాతం ఇస్తే 7 లక్షల 36 వేలు. మిగతా లక్షా 84 వేలు మీరు తేవాలి. దాని మీద స్టాంప్ డ్యూటీ. ఆస్ట్రేలియాలో మీకిది మొదటి ఇల్లు కాబట్టి, న్యూ సౌత్ వేల్స్‌లో 8 లక్షల డాలర్ల దాకా డ్యూటీ పూర్తిగా మాఫీ, 8 నుంచి 10 లక్షల మధ్య కొంత తగ్గింపు. మీ ధరకి నా అంచనా సుమారు 24 వేలు. ఖచ్చితమైన అంకె రెవెన్యూ ఎన్‌ఎస్‌డబ్ల్యూ క్యాలిక్యులేటర్‌లో చూసుకోండి. కన్వేయన్సర్ ఫీజు, స్ట్రాటా రిపోర్ట్ (కాంప్లెక్స్‌లో అందరి ఉమ్మడి ఖర్చులు, మరమ్మతుల లెక్కలు), బిల్డింగ్ ఇన్‌స్పెక్షన్, బాండ్ ఫీజు అన్నీ కలిపి 4 వేలు వేసుకుందాం. మొత్తం 2 లక్షల 12 వేలు. మీ దగ్గర ఉన్నవీ, రాబోయేవీ అన్నీ కూడితే లక్షా 98 వేలు.

14 వేలు తక్కువ. అదీ షాద్‌నగర్ డబ్బు చెప్పిన రోజుకి చేతికొస్తేనే.

ఆ డబ్బు చెప్పిన రోజుకి రాదని నేను కాగితం మీద రాసిస్తాను. ఆషాఢం వెళ్తుంది, శ్రావణంలో మంచిరోజు చూసుకుంటారు, ఆ రోజు సర్వర్ పనిచేయకపోతే ఇంకో మంచిరోజు. మీరు ఎన్‌ఆర్‌ఐ కాబట్టి కొనేవాళ్లు టీడీఎస్ పట్టుకుని కట్టాలి. ఇండియాలోనే ఉండేవాళ్ల దగ్గర కొన్నట్టు ఒక శాతంతో సరిపోదు, మీరు ముందుగా తక్కువ టీడీఎస్‌కి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే పెద్ద మొత్తమే అక్కడ ఆగిపోతుంది. మిగిలింది మీ ఎన్‌ఆర్‌వో ఖాతాలో (ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్‌ఆర్‌ఐలు అక్కడ ఉంచుకునే ఖాతా) పడుతుంది. అక్కడి నుంచి ఏడాదికి 10 లక్షల అమెరికన్ డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు, పరిమితితో మీకు పేచీ లేదు. కానీ సీఏ సర్టిఫికెట్ కావాలి, బ్యాంకువాళ్లు సేల్ డీడ్ అడుగుతారు, ఒక కాగితం తగ్గిందని ఇంకో వారం. ఆ ప్లాట్ మీద లాభాన్ని ఇక్కడి ట్యాక్స్ రిటర్న్‌లోనూ చూపాలి, అది మీ అకౌంటెంట్‌తో మాట్లాడుకోండి. మొత్తం మీద నా సలహా: ఈ ఇంటి లెక్కలో ప్లాట్ డబ్బుని సున్నా అనుకోండి. వస్తే పండగ.

సున్నా అనుకుంటే మరి ఇల్లు ఎలా? ఇక్కడే మనవాళ్లు చాలామంది ఒక మాట దగ్గర బోల్తా పడతారు. 'డిపాజిట్' అనే ఒకే మాటకి ఇక్కడ రెండు అర్థాలు. అమ్మేవాళ్లు ఎక్స్ఛేంజ్ నాడు అడిగే 10 శాతం ఒక డిపాజిట్. బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు మీ వాటా ఎంత అని అడిగేది ఇంకో డిపాజిట్. మొదటిది అమ్మేవాళ్లకి భరోసా, రెండోది బ్యాంకుకి భరోసా. దేని దారి దానిదే. 'గవర్నమెంట్ స్కీమ్‌లో 5 శాతం చాలంట కదా' అని చెక్కు రాసుకొచ్చి, అమ్మేవాళ్ల లాయర్ పది అడిగితే తెల్లమొహం వేసినవాళ్లని నేను చూశాను.

ఆ గవర్నమెంట్ స్కీమ్ మీకు పనికొస్తుంది. మొదటి ఇల్లు కొనేవాళ్లకి 5 శాతం వాటాతో, లెండర్స్ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (వాటా తక్కువైతే బ్యాంకు భద్రత కోసం మీ చేత కట్టించే బీమా) లేకుండా లోన్ ఇప్పించే ఫెడరల్ పథకం ఉంది కదా, దానికి 2025 అక్టోబర్ 1 నుంచి ఆదాయ పరిమితి తీసేశారు, ఏడాదికి ఇన్నే అన్న కోటా కూడా తీసేశారు. సిడ్నీలో ధర పరిమితి 15 లక్షల డాలర్లు. పీఆర్ ఉంటే చాలు. ఇండియాలో ప్లాట్ ఉండటం అడ్డు కాదు. మీరు పూర్తిగా 5 శాతానికి దిగిపోవక్కర్లేదు. 90 శాతం లోన్ అనుకోండి: బ్యాంకు 8 లక్షల 28 వేలు ఇస్తుంది, మీరు 92 వేలు, డ్యూటీ 24, ఖర్చులు 4. కలిపితే లక్షా 20 వేలు. మీ టర్మ్ డిపాజిట్, ఖాతాలో ఉన్నది కలిపి లక్షా 28 వేలు. ప్లాట్ ఊసే లేకుండా సెటిల్‌మెంట్ గడిచిపోయింది! అదనంగా తీసుకున్న 92 వేలకి, వడ్డీ 6 శాతం, 30 ఏళ్లు అనుకుంటే నెలకి 550 డాలర్లు ఎక్కువ కట్టాలి. ప్లాట్ డబ్బు ఎప్పుడొస్తే అప్పుడు ఆఫ్‌సెట్ ఖాతాలో (లోన్‌కి జతగా ఉండే ఖాతా) పడేయండి, ఆ మేరకు వడ్డీ తగ్గుతుంది. ఈ స్కీమ్‌లో అన్ని బ్యాంకులూ లేవు, మీ బ్యాంకు ఉందో లేదో రేపే అడగండి. 'ఇస్తానంది' అని రాశారు, అది నోటిమాటా, ప్రీ అప్రూవలా, పూర్తి అప్రూవలా అన్నది కూడా కనుక్కోండి. మూడింటికీ చాలా తేడా ఉంది.

టర్మ్ డిపాజిట్ సంగతి. గడువుకి ముందు తీయాలంటే ఇక్కడి బ్యాంకులు మామూలుగా 31 రోజుల నోటీసు అడుగుతాయి, కొంత వడ్డీ కోసుకుంటాయి. ఎక్స్ఛేంజ్ ఈ వారం కాబట్టి అది ఎక్స్ఛేంజ్‌కి అందదు. కానీ సెటిల్‌మెంట్ ఇక్కడ మామూలుగా 42 రోజులు. ఇల్లు ఖాయమైన రోజే నోటీసు ఇస్తే సెటిల్‌మెంట్‌కి పది రోజుల ముందే డబ్బు చేతిలో ఉంటుంది. లేదంటే సెటిల్‌మెంట్ పది వారాలకి పెట్టమని అడగండి, అమ్మేవాళ్లకీ ఇల్లు వెతుక్కునే పని ఉంటే ఎగిరి గంతేస్తారు. అంటే మీ డబ్బు ఉంది, ఎక్స్ఛేంజ్ రోజుకి మాత్రం లేదు. డిపాజిట్ బాండ్ పుట్టిందే ఇలాంటి సందర్భానికి. తీసుకోండి.

ఆ టర్మ్ డిపాజిట్‌నే తాకట్టు పెట్టి బ్యాంక్ గ్యారంటీ (బాండ్ లాంటి పూచీ కాగితమే, కానీ బ్యాంకు ఇచ్చేది) తెచ్చుకోవచ్చు కదా అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. వీలవుతుంది. కాకపోతే బ్యాంకు అంత తొందరగా ఇవ్వదు, పైగా సెటిల్‌మెంట్‌కి కావాల్సిన డబ్బే తాకట్టులో ఉండిపోయి ఆ రోజు తికమక అవుతుంది. నేనైతే ఆ దారి పట్టను.

బాండ్ ఫీజు బాండ్ మొత్తం మీద వేస్తారు, ఇంటి ధర మీద కాదు. ఆరు నెలల్లోపు గడువుకి నేను చూసినవి సుమారు 1.2 నుంచి 1.5 శాతం మధ్య ఉండేవి. 92 వేలకి 1,100 నుంచి 1,400 డాలర్లు. ఒకసారి ఇచ్చిన ఫీజు తిరిగి రాదు. లోన్ అప్రూవల్ కాగితం చేతిలో ఉంటే ఒకటి రెండు రోజుల్లో బాండ్ ఇస్తారు.

ఇప్పుడు అసలు చిక్కు: అమ్మేవాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలన్న చట్టం ఏమీ లేదు, అది పూర్తిగా వాళ్ల ఇష్టం. మీకు ఏజెంట్ పంపిన కాంట్రాక్ట్ పీడీఎఫ్ తెరవండి. మొదటి పేజీల్లో 'ఛాయిసెస్' అని ఒక భాగం ఉంటుంది. అందులో 'వెండర్ అగ్రీస్ టు యాక్సెప్ట్ ఎ డిపాజిట్ బాండ్' (అమ్మేవాళ్లు బాండ్ తీసుకోవడానికి ఒప్పుకుంటున్నారు) అన్న వరస, దాని పక్కన 'నో', 'యస్' అని రెండు చిన్న గళ్లు. ఎక్కువసార్లు నో మీదే టిక్కు ఉంటుంది, లేదా రెండూ ఖాళీగా ఉంటాయి. చూసి గుండె జారిపోవద్దు. అది అమ్మేవాళ్ల లాయర్ చేతి అలవాటు, అడిగితే చాలాసార్లు మారుతుంది. మీ లాయర్ వాళ్ల లాయర్‌కి ఈమెయిల్ పెట్టి, ఆ టిక్కుని యస్ మీదికి మార్పించాలి. వెనక పేజీల్లో 'డిపాజిట్ బాండ్ చెల్లదు' అని ప్రత్యేక షరతు ఏదైనా దాక్కుని ఉంటే దాన్నీ కొట్టేయించాలి.

ఏజెంట్ ఫోన్‌లో 'నో వర్రీస్' అంటే దాన్ని ఒప్పుకోలు కింద లెక్కేయకండి. ఇది నాకు తగిలిన దెబ్బ. ఈ వృత్తిలోకి రాకముందు టూంగాబీలో ఒక శనివారం వేలంలో ఇల్లు పాడాను. ముందురోజు ఫోన్ చేసి బాండ్ ఇస్తానంటే ఏజెంట్ సరేనన్నాడు. సుత్తి పడ్డాక గరాజ్‌లో మడత బల్ల మీద కాంట్రాక్ట్ పరిచారు. నేను బాండ్ తీశాను. ఏజెంట్ అటు తిరిగి ఫోన్ మాట్లాడి, 'సారీ, వెండర్ నగదే కావాలంటున్నారు' అన్నాడు. వేలంలో కొంటే వెనక్కి తగ్గే గడువు ఉండదు. ఇక నలుగురు ఫ్రెండ్స్‌కి ఫోన్లు, చేబదుళ్లు. ఒకడి యాప్‌లో రోజుకి 20 వేలే లిమిట్, ఇంకొకడికి 5 వేలే, మూడోవాడు కొత్త ఖాతాకి పంపితే బ్యాంకు ఒక రోజు ఆపి ఉంచింది. సోమవారం సాయంత్రానికి పూర్తయింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ శనివారం గురించి ఎవరికైనా చెబితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. ఆ చేబదుళ్లు తర్వాత లోన్ దగ్గర ఇంకో తలనొప్పి తెచ్చాయి: ఖాతాలో హఠాత్తుగా పడ్డ ప్రతి మొత్తానికీ బ్యాంకు సంజాయిషీ అడిగింది.

మీది వేలం కాదు కాబట్టి మీకు ఒక వెసులుబాటు ఉంది, దాన్ని వదులుకోవద్దు. న్యూ సౌత్ వేల్స్‌లో ఇలా బేరంతో కొంటే ఎక్స్ఛేంజ్ తర్వాత ఐదు పనిదినాల కూలింగ్ ఆఫ్, అంటే మనసు మార్చుకునే గడువు ఉంటుంది. ఆ లోపు వద్దనుకుంటే ధరలో 0.25 శాతం పోతుంది, మీ లెక్కన 2,300 డాలర్లు. ఈ వారం ఆ 2,300 మాత్రమే కట్టి ఎక్స్ఛేంజ్ చేసుకుంటామని, మిగతాదానికి ఐదో రోజు లోపు బాండ్ ఇస్తామని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. ఎక్స్ఛేంజ్ అయిందంటే ఇంకొకడు ఎక్కువ ధర చెప్పి ఇల్లు తన్నుకుపోయే భయం ఉండదు. ఆ ఐదు రోజుల్లో లోన్ ఖాయం చేసుకోవచ్చు, స్ట్రాటా రిపోర్ట్ చదవొచ్చు. టౌన్‌హౌస్ కాబట్టి అది తప్పకుండా చదవండి. ఏజెంట్ '66డబ్ల్యూ సర్టిఫికెట్ ఇచ్చేయండి, ఇంకో పార్టీ రెడీగా ఉంది' అని టెన్షన్ పెడతాడు. ఆ సర్టిఫికెట్ ఇస్తే కూలింగ్ ఆఫ్ పోతుంది. లోన్ పూర్తి అప్రూవల్ కాగితం రానిదే ఇవ్వకండి, ఇంకో పార్టీ ఉన్నా సరే. (మెల్‌బోర్న్‌లో ఉన్న పాఠకులకి: మీ దగ్గర మూడు పనిదినాలు, 0.2 శాతం.)

మన ఊళ్లో అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాక కూడా రెండు వైపులా సాగదీస్తారు, 'ఇంకో పదిహేను రోజులు చూడండి అన్నా' అంటే నడుస్తుంది. ఇక్కడ కూలింగ్ ఆఫ్ దాటాక అలా నడవదు. సెటిల్‌మెంట్ తేదీ తప్పితే మామూలుగా 14 రోజుల గడువుతో నోటీసు ఇస్తారు, ఆలస్యమైన ప్రతి రోజుకీ వడ్డీ పడుతుంది, నోటీసు గడువూ తప్పితే కాంట్రాక్ట్ రద్దు చేసి బాండ్ సొమ్ము రాబట్టుకుంటారు.

బాండ్ చేతికి వచ్చాక రెండు చూసుకోండి. ఒకటి, గడువు తేదీ సెటిల్‌మెంట్ తేదీ దాటి బాగా ముందుకి ఉండాలి. రెండు, పేర్లు. ఇది మనవాళ్ల ప్రత్యేక సమస్య. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకచోట, డ్రైవింగ్ లైసెన్స్‌లో ఇంకోచోట, మీ ఆవిడ పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు, లోన్ కాగితంలో ఒట్టి ఇనీషియల్. బాండ్ మీద, కాంట్రాక్ట్ మీద పేరు అక్షరం అక్షరం ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందు రాశారా వెనక రాశారా అన్న తేడాతో బాండ్ వెనక్కి వచ్చి, మళ్లీ రాయించేసరికి కూలింగ్ ఆఫ్ ఆఖరి రోజు సాయంత్రం ఐదు కావొచ్చింది ఒక ఫైల్‌లో. ఆ రోజు ఆఫీసులో ఎవరూ మధ్యాహ్నం అన్నం తినలేదు.

అంత అడిగినా అమ్మేవాళ్లు బాండ్ వద్దంటే? టర్మ్ డిపాజిట్ నోటీసు ఇవాళే ఇచ్చి, ఎక్స్ఛేంజ్‌ని ఐదు వారాలు ఆపమనడం కుదరదు, ఇల్లు ఆగదు. ముందు 2,300 కట్టి, ఆ పైన 15 వేలు ఇప్పుడు, మిగతాది 35వ రోజున ఇస్తామని విడతలుగా అడిగి చూడండి. దానికీ కాదంటే ఈ ఇల్లు వదిలేయండి. మీ చుట్టాల దగ్గర చేబదుళ్లు మాత్రం వద్దు, ఎందుకో పైన చెప్పాను.

ఇక అమ్మగారి ముహూర్తం. ఇక్కడ సెటిల్‌మెంట్ పెక్సా అనే ఆన్‌లైన్ వేదిక మీద, లాయర్లూ బ్యాంకులూ కలిసి చేస్తారు. మామూలుగా మధ్యాహ్నం వేళ జరుగుతుంది. ఒక బ్యాంకు ఆలస్యం చేస్తే సాయంత్రానికీ, మర్నాటికీ జరిగిపోతుంది. అది పూర్తయిందని కబురు వచ్చేదాకా తాళాలు ఏజెంట్ డ్రాయర్‌లోనే ఉంటాయి. శ్రావణంలో తెల్లవారుజామున ఐదింటికి ముహూర్తమైతే, పాల గిన్నె పట్టుకుని పరాయివాళ్ల ఇంటి గుమ్మం ముందు నిలబడాల్సి వస్తుంది, అదీ సిడ్నీ చలిలో. అమ్మగారికి ఫోన్ చేసి, సెటిల్‌మెంట్ తర్వాత కనీసం వారం వదిలి ఇంకో ముహూర్తం చూడమనండి. ఈలోగా ఒక ఆదివారం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్లి వెంకన్నకి దండం పెట్టుకుని వస్తానంటే ఆవిడా ఏమీ అనరు.